మెట్ల కిన్నెర నుంచి చిత్రగీతానికి: ఆశ్రితకుల కథాగాన పరిణామం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలంగాణ ఆశ్రితకులాల కథాగానం చలనచిత్రగీతంలోకి ప్రవేశించినప్పుడు దాని రూపం, కర్తృత్వం, జీవనాధారం ఏ విధంగా మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 12 మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య 2021లో గానం చేసిన 'భీమ్లా నాయక్' గీతభాగం ఇందుకు ప్రధాన ఆధారం. చిత్రగీతం కథాగానంలోని వంశకీర్తనను స్వీకరించి, కథనూ పోషక సంబంధాన్నీ వెలుపలే ఉంచిందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కిన్నెర, దక్కలి, కథాగానం, వంశకీర్తన, చిత్రగీతం, ప్రదర్శకుల హక్కు.

1. ఉపోద్ఘాతం:
జానపద గీతం వెండితెరకు చేరడం తెలుగునాట కొత్త విషయం కాదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో 1980లో విడుదలైన 'మాభూమి'లో బండి యాదగిరి రాసిన పోరాటగీతాన్ని గద్దర్ తెరపై ఆలపించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టిన పాట, ఆ పోరాటాన్నే చిత్రించిన సినిమాలో వినిపించింది. పాటకూ దాని చరిత్రకూ అక్కడ ఎడబాటు కలగలేదు. నాలుగు దశాబ్దాల తర్వాత జానపద స్వరం వాణిజ్య చిత్రగీతంలో భాగమైనప్పుడు ఈ సంబంధం మారింది. ఆ మార్పు స్వభావాన్ని మొగులయ్య ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

2. దక్కలి కథాగానం – కిన్నెర:
దక్కలివారు మాదిగల ఆశ్రితకులం. పోషకకులం గోత్రాలను, వంశక్రమాన్ని కీర్తించడం, జాంబపురాణాన్ని చెప్పడం వారి కులవృత్తి. అందుకు ప్రతిఫలంగా పోషకకుటుంబాల నుంచి ధాన్యం, డబ్బు పొందడం వారి హక్కు. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం వంటి ఊళ్లో దొరికే వస్తువులతోనే కిన్నెర తయారవుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన మొగులయ్య ఈ వాద్యంపై పాడిన కథలలో పండుగ సాయన్న కథ ప్రసిద్ధమైనది. ఉన్నవారిని దోచి పేదలకు పంచిన వీరుడిగా సాయన్న పాలమూరు జనస్మృతిలో నిలిచాడు. ఇటువంటి కథాగానంలో వాద్యం కేవలం తోడు కాదు. కథకుడు ఆగిన చోట కిన్నెర పలుకుతుంది, శ్రోత ఊకొట్టిన మేరకు కథ సాగుతుంది. నిడివిని నిర్ణయించేది సందర్భమే.

3. చిత్రగీతంలో వంశకీర్తన:
'భీమ్లా నాయక్' శీర్షికాగీతం 2021 సెప్టెంబర్ 2న విడుదలైంది. సాహిత్యం రామజోగయ్య శాస్త్రిది, సంగీతం తమన్‌ది. గీతారంభంలో మొగులయ్య గొంతు నాయకుని పుట్టినచోటును, తల్లిదండ్రులను, తాతను వరుసగా పరిచయం చేస్తుంది. ఆ తర్వాత ఇతర గాయకులు, ఆధునిక వాద్యసమ్మేళనం పాటను కొనసాగిస్తారు. ఈ ఆరంభాన్ని కేవలం అలంకారంగా భావించడం సరికాదు. ఇది ఆశ్రితకుల గానంలోని వంశకీర్తన నిర్మాణమే. అయితే కీర్తన పొందే వ్యక్తి మారాడు. గోత్రం గల పోషకుని స్థానంలో కల్పిత కథానాయకుడు నిలిచాడు. సాయన్న వంటి తిరుగుబాటుదారుని కీర్తించిన గొంతు ఇక్కడ పోలీసు అధికారిని కీర్తించింది. కథాగానంలో వంశకీర్తన కథకు ద్వారం. చిత్రగీతంలో ద్వారం మిగిలింది, లోపలి కథ లేదు.

ఇది సినిమా మాధ్యమానికి అనివార్యమైన పరిణామం కాదు. వేణు యెల్దండి దర్శకత్వంలోని 'బలగం' (2023) పతాకసన్నివేశంలో బుడగజంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతుల గానం చనిపోయిన వ్యక్తి జీవితాన్ని అతని కుటుంబం ముందు నిలుపుతుంది. అక్కడ గానం చావు సందర్భంలోనే, బంధువుల నడుమనే సాగింది. కథను ముందుకు నడిపింది కూడా ఆ గానమే.

4. కర్తృత్వం – హక్కు:
రూపంతోపాటు కర్తృత్వం కూడా మారుతుంది. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగ దరియా' పాట విడుదలైనప్పుడు, ఆ జానపద గీతాన్ని సేకరించి వెలుగులోకి తెచ్చిన తనకు గుర్తింపు దక్కలేదని గాయని కోమలి ప్రశ్నించారు. పల్లవి జానపదం, చరణాలు సుద్దాల అశోక్ తేజ రచన, సినిమాలో గొంతు మంగ్లీది. పాడినవారు, సేకరించినవారు, రాసినవారు వేర్వేరైనప్పుడు ఎవరి పేరు ఎక్కడ ఉండాలన్నది ఆ వివాద సారాంశం.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రధానంగా గుర్తించగల రచయిత ఉన్న కృతిని రక్షిస్తుంది. తరతరాలుగా ఒక సమూహం కాపాడిన బాణీకి అందులో ప్రత్యేక రక్షణ లేదు. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును చేర్చింది. 2012 సవరణ వాణిజ్య వినియోగంపై ప్రదర్శకునికి రాయల్టీ పొందే అర్హత కల్పించింది. ఈ హక్కు వ్యక్తి ప్రదర్శనకు చెందినది. వంశకీర్తన పద్ధతిని నిలిపిన దక్కలి సమూహం దీని పరిధిలోకి రాదు.

5. గుర్తింపు – జీవనాధారం:
మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. రాష్ట్రప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. అయినా 2024 మేలో ఆయన తుర్కయంజాల్ వద్ద భవననిర్మాణ కూలిపని చేస్తున్నట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. ఈ స్థలం గమనింపదగినది. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం, యాచారం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నగరం ఈ దారి వెంటే విస్తరించింది. యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో ఫార్మాసిటీ కోసం భూసేకరణ జరిగింది. సేద్యపు భూమి ప్లాటుగా మారినప్పుడు రైతుతోపాటు ఆ ఊరి పంటపై ఆధారపడిన కూలీలు, వారిపై ఆధారపడిన ఆశ్రితులు కూడా ఆధారం కోల్పోతారు. పోషకవ్యవస్థ స్థానంలో పురస్కారం వచ్చింది. మొదటిది కులాధిపత్యంతో ముడిపడినదే అయినా, ఏటా తిరిగివచ్చే హక్కు. రెండవది ఒక వ్యక్తికి ఒకసారి దక్కే గౌరవం.

6. ముగింపు:
జానపద స్వరం ప్రధానస్రవంతి గీతంలోకి చేరడాన్ని పతనంగా గానీ విజయంగా గానీ తేల్చడం తొందరపాటవుతుంది. ఆశ్రితవ్యవస్థ యథాతథంగా తిరిగిరావాలని కోరడం కూడా న్యాయం కాదు. చిత్రగీతం మొగులయ్య గొంతును, కిన్నెర నాదాన్ని అసంఖ్యాక శ్రోతలకు పరిచయం చేసింది. ఆ నాదం వెనుకనున్న కథాసంపద మాత్రం వారికి చేరలేదు. కనుక దక్కలి కథలను పూర్తి నిడివితో, పాడే సందర్భంతో సహా, కళాకారుల పేర్లతో నమోదు చేయడం విశ్వవిద్యాలయాల తక్షణ కర్తవ్యం. ఆ నమోదుపై హక్కు, ఆదాయం కళాకారులకే చెందేలా ముందే లిఖితపూర్వక ఒప్పందం ఉండాలి. అది లేని సేకరణ చిత్రగీతం చేసిన పనినే మరో రూపంలో కొనసాగిస్తుంది.