యువతలో మధుమేహ నియంత్రణ – చిగుళ్ల వ్యాధి

చిన్న వయసులో మధుమేహం వచ్చినవారిలో రక్తంలోని చక్కెర అదుపు తప్పేకొద్దీ చిగుళ్లు వాచి, నెత్తురు కారి, చివరికి పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోయే ముప్పు పెరుగుతుంది. ముదిరిన చిగుళ్ల వ్యాధి తిరిగి చక్కెర అదుపును దెబ్బతీస్తుంది. ఇలా రెండు వైపులా పనిచేసే ఈ సంబంధం బాల్యంలోనే మొదలవుతుందని తేలడానికి చాలాకాలం పట్టింది.

తొలి గుర్తింపు

మధుమేహాన్ని కూడా కలుపుకొన్న ప్రమేహ వ్యాధికి ముందస్తు లక్షణాలను చెబుతూ ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత అంగిలి, గొంతు, నాలుక, పళ్ల మీద మలినం పేరుకోవడాన్ని కూడా పేర్కొంది. పుట్టుకతో వచ్చే ప్రమేహాన్ని, అపథ్యం వల్ల వచ్చేదాన్ని వేరుచేసి, మొదటి రకం రోగి బక్కచిక్కి ఉంటాడని వివరించింది.

ఆధునిక పరిశీలనకు దారి తీసింది ఇన్సులిన్. అంతకుముందు మధుమేహం వచ్చిన పిల్లలు దీర్ఘకాలిక దుష్ఫలితాలు బయటపడేంత కాలం బతికేవారే కాదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చాక ఆ స్థితి మారింది. పిల్లలు ఎదిగి పెద్దవారయ్యారు. కళ్లు, మూత్రపిండాలు, నరాలతోపాటు చిగుళ్ల మీద కూడా ఏళ్ల తరబడి సాగిన అధిక చక్కెర ప్రభావం కనిపించసాగింది. మధుమేహుల్లో కనిపించే చిగుళ్ల లక్షణాలను 1934లో అమెరికా దంతవైద్యుడు ఇసడోర్ హిర్ష్‌ఫెల్డ్ వివరించాడు.

1960లో విలియమ్స్, మాహన్ అనే వైద్యులు మధుమేహం ఉన్న యువకుల చిగుళ్లకు చికిత్స చేశారు. తొమ్మిది మందిలో ఏడుగురికి ఇన్సులిన్ అవసరం తగ్గింది. రోగుల సంఖ్య చిన్నదే అయినా, నోటి చికిత్స వల్ల చక్కెర తగ్గుతుందా అన్న ప్రశ్నను ఆ పరిశీలన వైద్యుల ముందుంచింది.

నిర్ధారించిన అధ్యయనాలు

1960ల చివర ఇరాన్ శాస్త్రవేత్త శామ్యూల్ రహబర్ చేసిన పరిశోధన హెచ్‌బీఏ1సీ పరీక్షకు పునాది వేసింది. గడచిన రెండు మూడు నెలల చక్కెర సగటును చెప్పే ఈ పరీక్ష వచ్చాక, మధుమేహం ఉందా లేదా అన్నదానితోపాటు అది ఎంత అదుపులో ఉందో కూడా కొలవడం సాధ్యమైంది.

టైప్ 1 మధుమేహం ఉన్న 263 మందిని పరిశీలించిన అమెరికా బృందం 1982లో ఫలితాలు ప్రకటించింది. 13–18 ఏళ్లవారిలో 13.6 శాతం మందికి, 19 దాటినవారిలో 39 శాతం మందికి ఎముకను తినే చిగుళ్ల వ్యాధి కనిపించింది. ముప్పు కౌమారంలో మొదలై వయసుతో పెరుగుతుందని దీనితో స్పష్టమైంది.

టైప్ 2 మధుమేహం అత్యధికంగా ఉన్న ఆరిజోనాలోని పిమా ప్రజల మీద జరిగిన అధ్యయనాల్లో 15 ఏళ్లు దాటినవారిని చేర్చారు. మధుమేహం ఉన్నవారిలో చిగుళ్ల వ్యాధి కొత్తగా వచ్చే రేటు అది లేనివారికంటే 2.6 రెట్లని 1990లో తేలింది. తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో చక్కెర అదుపు తప్పే అవకాశం ఎక్కువని 1996లో వెల్లడైంది. ఈ మధ్యలో, 1993లో, దంతవైద్య పరిశోధకుడు హారాల్డ్ లో చిగుళ్ల వ్యాధిని మధుమేహపు ఆరవ దుష్ఫలితంగా పేర్కొన్నాడు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎవాంథియా లాలా బృందం 6–18 ఏళ్ల మధుమేహ బాలలు 350 మందిని, మధుమేహం లేని మరో 350 మందితో పోల్చి 2007లో ఫలితాలు ప్రచురించింది. మధుమేహం ఉన్న పిల్లల్లో చిగుళ్ల నష్టం ఎక్కువగా కనిపించింది. గత రెండేళ్ల హెచ్‌బీఏ1సీ సగటు పెరిగేకొద్దీ వ్యాధి అవకాశమూ పెరిగింది.

కారణాలు

చిగుళ్ల వ్యాధికి మూలం పళ్ల మీద పేరుకునే పాచిలోని సూక్ష్మజీవులే. చక్కెర ఎక్కువైనప్పుడు వాటిని ఎదుర్కొనే తెల్లరక్తకణాలు మందగిస్తాయి. ప్రొటీన్లకు చక్కెర అంటుకుని ఏర్పడే పదార్థాలు వాపును ఎగదోస్తాయి, దెబ్బతిన్న కణజాలం మానడాన్ని ఆలస్యం చేస్తాయి. వాపు వల్ల వెలువడే రసాయనాలు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. యుక్తవయసు హార్మోన్లు ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గిస్తూనే చిగుళ్ల వాపునూ పెంచుతాయి కనుక ఆ దశలో ముప్పు మరింత పెరుగుతుంది.

చికిత్స, నేటి స్థితి

చిగుళ్ల చికిత్స వల్ల చక్కెర తగ్గుతుందా అన్నదానిపై చాలాకాలం వాదం నడిచింది. 2013లో 514 మందిపై జరిగిన అమెరికా పరీక్షలో తేడా కనిపించలేదు. 35 పరీక్షలను సమీక్షించిన 2022 నాటి కాక్రేన్ నివేదిక మాత్రం మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 పాయింట్లు తగ్గిందని తేల్చింది. ఈ ఆధారాల్లో అధిక భాగం టైప్ 2 ఉన్న పెద్దలవి.

2018లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణ, మధుమేహుల్లో హెచ్‌బీఏ1సీ 7 శాతం లేదా అంతకు మించి ఉంటే చిగుళ్ల వ్యాధిని వేగంగా ముదిరే శ్రేణిలో చేర్చింది. దంతవైద్యుడు రక్తపరీక్ష ఫలితం అడగడం, మధుమేహ వైద్యుడు పళ్లు తోమేటప్పుడు నెత్తురు వస్తోందా అని ఆరా తీయడం ఇప్పుడు మంచి వైద్యంలో భాగం. పిల్లల్లో తొలిదశ చిగుళ్ల వాపు పూర్తిగా నయమవుతుంది, కరిగిన ఎముక మాత్రం దానంతటది తిరిగి రాదు. అందుకే మధుమేహం బయటపడిన ఏడాదే చిగుళ్ల పరీక్ష మొదలుపెట్టి, కంటి పరీక్షంత శ్రద్ధగా ఏటా కొనసాగించాలి.