సమ్మతించిన సభ, సభ లేని దీవులు

భూమి రాష్ట్రాల జాబితాలోని విషయం. సాధారణంగా దానిపై పార్లమెంటు శాసనం చేయజాలదు. అయితే రెండు లేక అంతకు మించిన రాష్ట్రాల చట్టసభలు తీర్మానించి కోరితే, ఆ రాష్ట్రాల మేరకు ఆ అధికారం పార్లమెంటుకు సంక్రమిస్తుందని రాజ్యాంగం 252వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ, శాసనమండలి 1972 ఏప్రిల్‌లో అట్టి తీర్మానాన్నే ఆమోదించాయి. పట్టణ స్థిరాస్తికి గరిష్ఠ పరిమితి విధించే చట్టాన్ని పార్లమెంటే చేయాలన్నది దాని సారాంశం. మరి పది రాష్ట్రాలు కూడా సమ్మతించగా, 1976 ఫిబ్రవరి 17న పట్టణ భూపరిమితి చట్టం అమలులోకి వచ్చింది. హైదరాబాదులో ఖాళీ స్థలానికి విధించిన పరిమితి 1000 చదరపు మీటర్లు.

ఆ చట్టం మొదటి సెక్షన్‌లో పదకొండు రాష్ట్రాల పేర్ల వెంట సమస్త కేంద్రపాలిత ప్రాంతాలూ చేరాయి. అండమాన్, నికోబార్ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభకు తమ ప్రతినిధిని ఎన్నుకొనే హక్కు సైతం అక్కడివారికి 1967లో గాని లభించలేదు. దక్షిణ అండమాన్‌లోని ఆస్టినాబాద్ పక్షాన తీర్మానించేందుకు చట్టసభ ఏదీ లేదు. అడగవలసిన అవసరమూ రాజ్యాంగరీత్యా లేదు.

అడిగించుకున్న రాష్ట్రం సంగతి ఇంకా ఆసక్తికరం. ఈ చట్టం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది. 1979లో సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చుతూ, తీర్మానం చేసిన రాష్ట్రం ఆ విషయంపై తన శాసనాధికారాన్ని కోల్పోతుందని స్పష్టం చేసింది. రాష్ట్రాల పునర్విభజనకు సంబంధించిన 3వ అధికరణం అడిగేది అభిప్రాయాన్ని మాత్రమే. 2014 జనవరి 30న శాసనసభ తిరస్కరించిన బిల్లును ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించడం అందుకే సాధ్యమైంది. 252వ అధికరణం అడిగేది సమ్మతి. నా దృష్టిలో ఈ రెండింటిలో బరువైనది రెండవదే, ఎందుకంటే ఇచ్చిన సమ్మతిని రాష్ట్రం ఒంటరిగా వెనక్కు తీసుకోలేదు.

పంజాబ్, హర్యానాలు తీర్మానించగా పార్లమెంటు 1999లో రద్దు చట్టం చేసింది. ఆ రెండు రాష్ట్రాలతోపాటు కేంద్రపాలిత ప్రాంతాలకు అది వెంటనే వర్తించింది. దీవుల విషయంలో చట్టం వచ్చినప్పుడు గాని, పోయినప్పుడు గాని స్థానిక సమ్మతి ప్రసక్తి రాలేదు. ఆంధ్రప్రదేశ్ మాత్రం మళ్ళీ తన సభలలో తీర్మానించవలసి వచ్చింది. అందుకు తొమ్మిదేళ్ళు పట్టింది. 2008 మార్చి 27న గాని రద్దు ఇక్కడ అమలులోకి రాలేదు. అప్పటికే ప్రభుత్వం స్వాధీనపరచుకున్న మిగులు భూమి ప్రభుత్వానిదే అయింది. అందువల్ల ఆ తరువాత హైకోర్టుకు చేరిన వివాదాలలో చట్టం మంచిచెడ్డలకన్నా, ఆ తేదీ నాటికి స్థలం వాస్తవంగా ఎవరి స్వాధీనంలో ఉన్నదన్నదే ప్రధాన ప్రశ్నగా మారింది.