గవ్వ, గీత, తెర: ఇంటర్‌ఫేస్ ఆటగాళ్లకు వదిలే పని

ఇంటర్‌ఫేస్ అనగానే మీటలూ మెరిసే బొమ్మలూ ఉన్న తెర గుర్తొస్తుంది. సత్తెనపల్లి వంటి పల్నాటి ఊళ్లలో అరుగు మీద సుద్దతో గీసుకునే పులిజూదం గడి కూడా ఇంటర్‌ఫేసే. ఆటగాడు ఏది చూడాలో, ఏది చేత్తో చేయాలో, దేని మీద ఎదుటివాడితో వాదానికి దిగాలో అదే తేలుస్తుంది. గడి చేయకుండా ఆటగాళ్లకు వదిలేసిన పని చుట్టూనే వాళ్ల మధ్య మాటామంతీ పెరుగుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

పులిజూదంలో శిఖరం నుంచి నాలుగు ఏటవాలు గీతలు దిగుతాయి. అడ్డగీతలు వాటిని కోసినచోట్లూ, వాటి కొసలూ కలిపి 23 కూడళ్లు. పులులు మూడు, మేకలు పదిహేను. మేకలన్నీ దిగేదాకా ఏ మేకా కదలదు. పులి మాత్రం మొదటి నుంచీ తిరుగుతుంది, పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని చంపుతుంది. వస్తువు తన వాడకాన్ని తానే కంటికి తెలియజేయాలని డిజైన్ పండితుడు డొనాల్డ్ నార్మన్ 1988లో వాదించాడు. ఆ లెక్కన ఈ గడి సగమే చెబుతుంది: నడకకు దారి చూపిస్తుంది, ముప్పు చూపించదు. పులి, మేక, ఖాళీ ఒకే గీత మీద పడ్డాయేమో ఆటగాడే కనిపెట్టుకోవాలి. అతను కనిపెట్టకపోతే వెనక నిలబడ్డవాళ్లు ఊరుకుంటారా? నేల మీది గడి నాలుగు వైపుల నుంచీ కనబడుతుంది, సలహాలూ నాలుగు వైపుల నుంచే వస్తాయి. యాప్‌లో పావును తాకగానే వెళ్లగల చోట్లు వెలిగేలా పెడితే ఆ సలహాలకు పని ఉండదు.

వామనగుంటల్లో ఈ తేడా ఇంకా సూక్ష్మం. పీటకు పద్నాలుగు గుంటలు, ఆడేది చింతగింజలతో. గుంటలో గింజలు పది దాటాయంటే ఒక్క చూపుకు లెక్క తేలదు. ఆడి ఆడి ఆరితేరిన కన్ను కుప్ప చూసే అంచనా కడుతుంది. తెర మీద ప్రతి గుంటకూ ఒక అంకె వేశామా, అంచనా కాస్తా కూడికలోకి దిగుతుంది. నియమం ఒక్కటీ మారలేదు, ఆట మాత్రం మారింది.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా. గవ్వ రెండు వైపులకూ సమానంగా పడుతుందనుకుంటే పదహారింట ఒకసారి అష్టా రావాలి. కానీ గవ్వ నాణెం కాదు, దాని వంపు దానిది. అందుకే ‘నా గవ్వలు’ అనే పట్టింపు వస్తుంది, గోడకు ఒరిగి నిలిచిన గవ్వ మీద తగవూ వస్తుంది. యాప్ ఈ తగవుకు చోటివ్వదు.

2016లో వచ్చిన లూడో కింగ్‌లో పాచిక వేయడమంటే తెరను తాకడం, గళ్ల లెక్క యంత్రానిది. అయినా అదే యాప్‌ను నలుగురు ఒకే ఫోన్‌లో ఆడే వీలుంది. అలా ఫోన్ నేల మీద పడుకోగానే చుట్టూ మనుషులు చేరతారు. అంటే తెర ఉందా లేదా అన్నదొక్కటే చూస్తే చాలదు, అది ఎవరివైపు తిరిగి ఉందో కూడా చూడాలి.

డబ్బు చేరిన ఆటల్లో ఈ వదిలేసిన పని విలువ బాగా తెలుస్తుంది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. రమ్మీ మీద చట్టపు వాదన చాలాకాలంగా నైపుణ్యమా, అదృష్టమా అన్నదాని చుట్టూ తిరుగుతోంది. పేకముక్కలు ఏరి, కలిపి, పంచేటప్పుడు దొరికే విరామం సంగతి అందులో పెద్దగా కనబడదు. అరుగు మీద ఓడినవాడు లేచిపోయేది ఆ విరామంలోనే. ముక్కలు కలిపే పని యంత్రం తీసుకుందంటే ఆ విరామమూ పోతుంది.

కనుక పులిజూదం యాప్ కట్టేవారు తప్పు ఎత్తును అడ్డుకోకుండా చూడొచ్చు. గీత లేనిచోట పులి దూకితే దూకనివ్వాలి, పట్టుకునే పని ఎదుటివాడిది. పట్టుకున్నాక ఎత్తు వెనక్కి తీసుకోవాలా, వంతు పోవాలా అన్నది ఆ ఇద్దరూ ఆట మొదలుకాకముందే మాట్లాడుకోవాలి.