పొడుపుకథ విప్పితేనే ఉద్యోగమా?

కొన్నాళ్ళ క్రితం ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో నేనూ ఉన్నాను. ముగ్గురిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. వచ్చినామె ఆరేళ్ళు ప్రోగ్రాములు రాసింది. బిడ్డ పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ పని వెతుక్కుంటోంది. ఆ ఆరేళ్ళలో ఏం చేసిందో ఎవరూ అడగలేదు. బోర్డు దగ్గరకి పిలిచి ఒక అల్గారిథమ్ పజిల్ ఇచ్చారు. మేం వెనకనుంచి చూస్తుంటే సగంలో ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఇంట్లో అయితే చేసేస్తానండీ" అంది. మావాళ్ళు నవ్వారు. నేనేమీ అనలేదు. ఆ మౌనం తర్వాత చాలాకాలం నన్ను గుచ్చింది. ఈ పజిల్ ఎక్కడనుంచి వచ్చిందా అని వెతకడం మొదలుపెట్టాను.

మొదట్లో ఇది లేదు. 1945లో అమెరికాలో ఎనియాక్ యంత్రం కోసం ఆరుగురు స్త్రీలను ఎంచుకున్నారు. వాళ్ళు అప్పటికే సైన్యానికి ఫిరంగి గుళ్ళ గమనాన్ని చేతితో లెక్కగట్టేవాళ్ళు. ఆ పనే వాళ్ళ అర్హత. నేర్పే పుస్తకం కూడా లేకుండా, యంత్రం పటాలు చూసి ప్రోగ్రాం చేయడం నేర్చుకున్నారు. 1946 ఫిబ్రవరి ప్రదర్శనలో అందరినీ అబ్బురపరిచిన లెక్కను సిద్ధం చేసింది బెట్టీ స్నైడర్, జీన్ జెన్నింగ్స్. ఆ రాత్రి జరిగిన విందుకు మాత్రం వాళ్ళకు పిలుపు లేదు. యంత్రం కట్టడం మగవాళ్ళ ప్రతిభ, దానితో పని చేయించడం గుమాస్తా పని అనుకున్నారు మరి!

గుమాస్తా పని కాదని తెలిశాక పరీక్షలు వచ్చాయి. 1955లో ఐబిఎం ప్రోగ్రామర్ల కోసం ఒక పరీక్ష తయారుచేసింది. అందులో ఉన్నవి అంకెల వరసలు, బొమ్మల పోలికలు, లెక్కలు. ఆడవాళ్ళను ఆపడానికే దాన్ని పెట్టారనలేం. అది రాసి లోపలికి వెళ్ళిన స్త్రీలూ ఉన్నారు. అసలు చిక్కు 1966లో వచ్చింది. విలియమ్ కానన్, డాలిస్ పెర్రీ అనే మనస్తత్వ పరిశోధకులు 1378 మంది ప్రోగ్రామర్ల ఇష్టాయిష్టాలు సేకరించారు. అందులో స్త్రీలు 186 మందే. ప్రోగ్రామర్లకు పజిళ్ళంటే ఇష్టం, మనుషులంటే అంతగా గిట్టదు అని తేల్చారు. ఉన్నవాళ్ళ స్వభావమే రావలసినవాళ్ళ అర్హత అయింది. అలాంటివాళ్ళనే తీసుకుంటే రేపు లెక్కపెట్టినా అలాంటివాళ్ళే కదా కనిపిస్తారు!

1990లలో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూల పజిళ్ళు పేరుమోశాయి. అలాంటి తమాషా ప్రశ్నలవల్ల ఎవరు బాగా పనిచేస్తారో తెలియదని 2013లో గూగుల్ ఉద్యోగ నియామకాల అధిపతి లాస్లో బాక్ ఒప్పుకున్నాడు. కానీ బోర్డు మీద అల్గారిథమ్ ప్రశ్న మాత్రం పోలేదు. దానికోసం నెలల తరబడి సాధన చేయాలి. ఆఫీసు అయ్యాక వంటగది, పిల్లల హోంవర్కు, అత్తమామల మందులు చూసుకునే మనిషికి ఆ సాయంకాలాలు ఎక్కడివి? మనం తెలివి అని కొలుస్తున్నదాంట్లో తీరిక ఎంతుందో ఎప్పుడైనా ఆలోచించామా?

2020లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వెలువడింది. నార్త్ కెరొలైనా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులకు ఒకే రకం ప్రశ్న ఇచ్చారు. కొందరు పక్కన ఒకరు చూస్తుండగా, కొందరు ఒంటరిగా గదిలో చేశారు. ఎదుట మనిషి ఉన్నప్పుడు ఫలితం సగానికి పైగా పడిపోయింది. ఒంటరిగా చేసిన ఆడపిల్లలందరికీ జవాబు వచ్చింది, చూస్తుండగా చేసినవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఆడపిల్లల సంఖ్య తక్కువే, దాన్నిబట్టి సూత్రాలు కట్టకూడదు. అయినా అది చదివాక బోర్డు ముందు ఆగిన ఆ చెయ్యి గుర్తొచ్చింది.

అల్గారిథమ్‌లు అక్కర్లేదని నేననడం లేదు. లక్షల మంది వాడే ప్రోగ్రాం ఏ దారిన రాస్తే నత్తనడక నడుస్తుందో తెలియనివాళ్ళు ఆ పనికి పనికిరారు. కానీ ఆ జ్ఞానాన్ని పనిలోనే చూడవచ్చు. నిజమైన సమస్య ఒకటి ఇచ్చి, ఒక గది, గంట సమయం ఇద్దాం. తర్వాత కూర్చుని, ఈ దారి ఎందుకు ఎంచుకున్నావని మాట్లాడదాం. పాత పని గురించి అడుగుదాం.

"ఇంట్లో అయితే చేసేస్తానండీ" అన్నది సాకు కాదు. తన పని తనకు తెలిసిన మనిషి చెప్పిన నిజం. ఆ రోజు ఆ మాట నేను అనువదించి చెప్పాల్సింది.