పుట్ట లోపలి వ్యవసాయం, కాకినాడలో కన్నుమూసిన డాక్టరు

పునర్వసు కార్తెలో నాలుగు గట్టి వానలు పడ్డాక మారేడుమిల్లి వైపు వెళ్ళానండి. తెలిసిన కొండరెడ్డి పెద్దాయన ముందు, నేను వెనక, ఒక వాగు లోయలోకి దిగాం. పుట్టగొడుగుల కోసం. కుళ్ళిన దుంగ మీద తెల్లగా కనిపిస్తే కోయబోయాను. "కుక్కగొడుగు బాబూ, ఒదిలెయ్" అన్నాడు. అలా ఏడెనిమిది రకాలు వదిలించి, చివరికి వెదురు పొదల అవతల ఓ పుట్ట దగ్గర ఆగాడు.

అక్కడున్నాయి. నేను లాగబోతే చెయ్యి పట్టుకుని, కర్రతో మట్టి తవ్వి చూపించాడు. కాడ కింద వేరులాంటిది జానెడు లోతు దాటినా ఇంకా దిగుతూనే ఉంది. మీరు ఎప్పుడైనా ఆలోచించారా, అది ఎక్కడిదాకా పోతుందో?

చెదలు చేసే వ్యవసాయం దాకా. పుట్ట లోపల గదుల్లో తేనెపట్టులాంటి మెత్తటి గూడు ఉంటుంది. చెదలు ఎండు పుల్ల, గడ్డి తిని, విసర్జించినదాంతో దాన్ని కట్టి, దాని మీద బూజు పెంచుతాయి. తమకు అరగనిదాన్ని ఆ బూజు అరగదీస్తే, ఆ పంటని తిని బతుకుతాయి. చెదలు పుట్ట వదిలేశాయంటే వేరే బూజులు కలుపులా కమ్మేస్తాయి. మనకి తెలిసిన కథే కదా! ఈ సేద్యం మొదలై దాదాపు 3 కోట్ల ఏళ్ళు అంటారు. మనిషి నాగలి వయసు అందులో ఎంతని!

దీని గురించి యూరప్‌కి మొదట రాసినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. స్వీడన్‌లో లిన్నేయస్ దగ్గర చదువుకుని, డాక్టరుగా 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువు, ఆపైన ఈస్టిండియా కంపెనీ. తంజావూరు వైపు చెదపుట్టల్ని పరిశీలించి, లోపలి బూజు సంగతి 1779లో బెర్లిన్‌లో అచ్చువేయించాడు. ఆరేళ్ళకి, 1785 జూన్‌లో, విరేచనాల జబ్బుతో పోయాడు. ఎక్కడనుకున్నారు? మన కాకినాడ జగన్నాథపురంలో. వైద్యం చేసినవాడు సామర్లకోటలో ఉండి మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్. ఆ వీధుల్లో ఎన్నిసార్లు ఎరువుల కోసం తిరిగానో, నాకీ ముక్క తెలియదు.

ఈ పుట్టగొడుగుల జాతికి టెర్మిటోమైసిస్ అనే పేరు 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజె హైమ్ పెట్టాడు. మనవాళ్ళు అంతకు ఎన్నో తరాల ముందే పుట్ట, గొడుగు రెండూ కలిపి పేరు పెట్టేశారు!

ఇంత తెలిసినా వీటిని వరిగడ్డి పుట్టగొడుగుల్లా షెడ్డులో పండించలేకపోతున్నాం. చెదలు లేకుండా గొడుగు రాదు. ఉసుళ్ళు లేచిన కొన్ని వారాలకి గొడుగులొస్తాయి. కొత్త పుట్ట పెట్టిన చెదలు, ఎక్కువ రకాల్లో, బయటినుంచే ఆ గొడుగుల పొడి తెచ్చుకుని బూజు నాటుకోవాలి. అదే విత్తనం. పెద్దాయన బాగా విచ్చిన నాలుగింటిని ముట్టుకోలేదు. నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక మాట. ఇది చదివి ఫోన్లో ఫొటో పట్టుకుని అడవిలోకి దిగకండి. విషపు గొడుగుని ఎంత ఉడకబెట్టినా ప్రాణం తీసేవి ఉన్నాయి. తెలిసినవాళ్ళు లేకుండా ఒక్కటి కూడా కోయొద్దు.

మా మెట్టచేలో రెండు పుట్టలుండేవి. నాగుల చవితికి ఇంట్లో ఆడవాళ్ళు పాలు పోసేవారు. చేను చదును చేసేటప్పుడు ఒకదాన్ని నేనే జేసీబీ పెట్టి తీయించాను, మూడు మళ్ళు కలుస్తాయని. మా అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. అప్పుడు పాము కోసం అనుకున్నాను. చిన్నప్పుడు ఆ పుట్ట పక్కనే తట్టెడు కోసి కూర వండేదని తర్వాత చెప్పింది. రెండోది గట్టు మీద ఉంది. మొన్న వానకి ఉసుళ్ళు లేచాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసొస్తున్నాను, ఇంకా ఏమీ రాలేదు.