సగం సీసాలో గాలి

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ కొట్టువాడితో పేచీ పెట్టుకున్నాను ఒకసారి. స్క్రూలు వదులైపోకుండా పట్టి ఉంచే నీలం మందు కావాలంటే వేలెడంత సీసా చేతిలో పెట్టాడు. ఊపి చూస్తే సగమే ఉంది. "ఏమయ్యా, ఎవరో వాడేసింది ఇచ్చావే?" అన్నాను. "అదంతే సార్, కంపెనీ నుంచే అలా వస్తది. సీలు చూసుకోండి" అన్నాడు, బిల్లు పుస్తకంలోంచి తలెత్తకుండానే. సీలు సవ్యంగానే ఉంది. సణుక్కుంటూ తెచ్చుకున్నాను. ఆ మందు కథలో సగం ఆ ఖాళీలోనే ఉందని అప్పటికి నాకు తెలియదు.

నాకు దానితో పని మడత కత్తికి. పిడికి రెండు పక్కలా రెండు బద్దలు, వాటిని కలిపి ఉంచే బియ్యపుగింజంత స్క్రూలు, అలుగు తిరిగేచోట ఇంకాస్త పెద్ద స్క్రూ. పాతకాలపు మడత కత్తులకు స్క్రూలు ఉండేవి కావు. ఇత్తడి చీల దూర్చి, రెండు కొసలా సుత్తితో కొట్టి రివెట్టు చేసేవారు. అది వదులూ కాదు, విప్పడానికీ రాదు. స్క్రూలు వచ్చాక కత్తిని విప్పి కడుక్కోవచ్చు, నూనె వేసుకోవచ్చు, అలుగు ఎంత బిగువుగా తిరగాలో మనమే చూసుకోవచ్చు. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, ఓ రోజు జేబులోంచి కత్తి తీస్తే ఒక కన్నం ఖాళీగా కనిపిస్తుంది. ఆ స్క్రూ ఎక్కడ రాలిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇనుమును పిడిలో కదలకుండా కూర్చోబెట్టడం మన దేశానికి పాత విద్యే. తల్వార్ల పిడి బోలుగా ఉంటుంది. అందులో లక్క కూరి, కాచిన కత్తి కాడను దించేవారు. చల్లారితే రాయి. పిడి మార్చాలంటే మళ్ళీ వేడి చేస్తే చాలు, లక్క కరిగి వదిలేస్తుంది. లక్కకు నిప్పు తగిలితే ఏమవుతుందో భారతం విన్నవాడికెవడికైనా తెలుసు. ఆ లక్కనే సారాలో కరిగించి చేసే షెల్లాక్‌ను గడియారాలవాళ్ళూ, సున్నితమైన పనిముట్లు చేసేవాళ్ళూ చిన్న చిన్న స్క్రూల తలల మీద చుక్కగా వేసేవారు.

పెద్ద యంత్రాలకు ఆ చుక్క చాలలేదు. జంట నట్లు వేశారు, స్ప్లిట్ పిన్నులు గుచ్చారు, విమానాల్లోనైతే ఒక బోల్టు తలను పక్క బోల్టు తలకు తీగతో కట్టేశారు. ఇప్పటికీ కడతారు. స్ప్రింగ్ వాషర్ సంగతి చెప్పనక్కర్లేదు, మన మెకానిక్కులకు అది లేకపోతే చెయ్యే ఆడదు. అసలు స్క్రూ ఎందుకు వదులవుతుందో సరిగ్గా తేలింది మాత్రం 1969లో. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు బోల్టును నిలువునా కాకుండా అడ్డంగా అటూ ఇటూ జరిపే యంత్రం ఒకటి తయారు చేశాడు. స్క్రూ మర అంటే కడ్డీ చుట్టూ చుట్టిన వాలు. ఆ వాలు మీద జారకుండా ఆపేది రాపిడి ఒక్కటే. అడ్డంగా కాస్త జారినా ఆ క్షణానికి రాపిడి పట్టు తప్పుతుంది, స్క్రూ తనంతట తానే వాలు దిగుతుంది. ఆ యంత్రం మీద స్ప్రింగ్ వాషర్ పరువు పోయింది. మడత కత్తిలో ఇంకో చిక్కు కూడా ఉంది. తెరిచిన ప్రతిసారీ అలుగు ఇరుసును తనతోపాటు తిప్పబోతుంది. అందుకే కొందరు తయారీదారులు ఇరుసును ఒక పక్క చదును చేసి, పిడి బద్దలో తిరగకుండా బిగిస్తారు.

మందు మాత్రం యుంకర్ కంటే ముందే పుట్టింది. అదీ ఎవరికీ అక్కరలేని బిడ్డగా. 1940లలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ రసాయనవేత్తలకు ఓ వింత ద్రవం దొరికింది. గాలి తగులుతున్నంతసేపూ నీళ్ళలా ఉంటుంది, గాలి ఆడకపోతే గడ్డకడుతుంది. మామూలు జిగురు తీరుకు ఇది పూర్తిగా తలకిందులు. దాన్ని నిలవ ఉంచాలంటే రాత్రీ పగలూ గాలి బుడగలు పంపుతూ కూర్చోవాలి. అలాంటి సరుకును ఏ కొట్టులో పెట్టి అమ్ముతారు?

ఆ కంపెనీలో పనిచేసే రాబర్ట్ క్రీబుల్ ఈ సంగతి తండ్రి చెవిన వేశాడు. తండ్రి వెర్నాన్ క్రీబుల్, కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. 1885లో పుట్టాడు, అంటే 1953లో ఈ పని తలకెత్తుకునేనాటికి 68 ఏళ్ళు. మనవాళ్ళయితే పింఛను కాగితాలు సర్దుకుంటూ ఉండే వయసు. ఆయన గాలి బుడగల జోలికి పోలేదు. ద్రవంలో హైడ్రోపెరాక్సైడ్ అనే తరగతి రసాయనం కొద్దిగా కలిపి, సీసాలో ఉన్నంతకాలం నెలల తరబడి చెడకుండా, మరల సందులోకి వెళ్ళగానే గట్టిపడేటట్టు చేశాడు. 1959లో పేటెంటు వచ్చింది.

లోపల జరిగేది ఇదీ. గడ్డకట్టడం మొదలుపెట్టే అణువులను గాలిలోని ఆక్సిజన్ ఎప్పటికప్పుడు పట్టి నోరు నొక్కేస్తూ ఉంటుంది. స్క్రూ బిగించగానే మరల సందులో గాలి ఆడదు, కాపలావాడు లేడన్నమాట. పైగా ఇనుమో రాగో తగిలితే పెరాక్సైడ్ విరిగి కొత్త అణువులను ఎగదోస్తుంది. గొలుసుకట్టు సాగి, ద్రవం కాస్తా గట్టి ప్లాస్టిక్ అయి కూర్చుంటుంది. ఈ పని త్వరపరచడానికి తర్వాతి రోజుల్లో కలిపిన వాటిలో శాకరిన్ ఒకటి. అవును, చక్కెర జబ్బువాళ్ళు కాఫీలో వేసుకునేదే.

ఇప్పుడు కొట్టువాడి సీసా దగ్గరికి వద్దాం. మూత పెట్టాక కూడా మందుకు గాలి కావాలి. అందుకే గాజు కాకుండా, గోడలగుండా కొద్దికొద్దిగా గాలిని రానిచ్చే పాలిథిన్ సీసా, అందులోనూ సగమే నింపడం. నేను డబ్బిచ్చి కొన్నది సగం మందు, సగం గాలి. ఆ గాలే దాని ఆయుష్షు. ఆ కొట్టువాడికి ఇంకా క్షమాపణ చెప్పుకోలేదు.

ఈ మందుకు లాక్‌టైట్ అన్న పేరు పెట్టింది ప్రొఫెసర్ కోడలు, రాబర్ట్ భార్య నాన్సీ. 1956లో న్యూయార్క్‌లో పత్రికలవాళ్ళ ముందు పెట్టారు. ప్రొఫెసర్ పెట్టిన అమెరికన్ సీలెంట్స్ అన్న కంపెనీ పేరును 1963లో లాక్‌టైట్‌గానే మార్చారు. మరుసటి ఏడాది ప్రొఫెసర్ పోయారు. 1997లో కంపెనీ జర్మనీ హెంకెల్ చేతికి వెళ్ళింది.

గట్టిగా పట్టే జిగురు చేయడం ఏమంత గొప్ప కాదని నా ఉద్దేశం. కావలసినంతే పట్టి, అడిగినప్పుడు వదిలేది చేయడమే కష్టం. రంగులు పుట్టింది అందుకే. ఊదా రంగు 222 అన్నిటికంటే మెత్తన, సన్న స్క్రూల కోసం. నీలం 242, 243 మధ్యరకం, మామూలు చేతి పనిముట్లకు లొంగుతుంది. 243 కొంచెం జిడ్డునూ ఓర్చుకుంటుంది. ఎరుపు 271 పట్టిందంటే దాదాపు 250 డిగ్రీల వేడి చూపిస్తే గానీ వదలదు. లక్కలాగే, కాకపోతే మహా మొండి. రంగులు అన్ని కంపెనీలకూ ఒకటే అనుకోకూడదు. వైబ్రా-టైట్ విసి-3 అని ఒకటుంది, చూడటానికి ఎర్రగా ఉంటుంది గానీ ముందుగా పూసి ఆరబెట్టి బిగించే రకం. విప్పి మళ్ళీ బిగించినా కొన్నిసార్లు పనిచేస్తుంది. సీసా మీది రాత చదవాలి.

నేను చదవలేదు. మొదటి కత్తికి "గట్టిది ఉంటే మంచిదేగా" అని ఎరుపు వేశాను. ఆర్నెల్లకు విప్పబోతే ఆరు మూలల నక్షత్రం గుంట కాస్తా గుండ్రంగా అరిగిపోయింది. వేడి చేద్దామంటే పిడి ప్లాస్టిక్, పక్కనే పదును పెట్టిన ఉక్కు, ఎక్కువ కాగితే దాని పొగరు దిగిపోతుంది. చివరికి సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద ఆనించి రెండు నిమిషాలు పట్టుకుంటే కదిలింది. స్క్రూ దక్కలేదు, కత్తి దక్కింది.

ఇప్పుడు పిడి స్క్రూలకు ఊదా, అలుగు ఇరుసుకు నీలం. ముందు స్క్రూనూ కన్నాన్నీ స్పిరిట్‌తో కడిగి జిడ్డు పోగొడతాను. జిడ్డు మీద పట్టు సరిగ్గా రాదు. తర్వాత చీపురు పుల్ల కొసతో మరల మీద ఆవగింజలో సగమంత. ఎక్కువైతే బిగించేటప్పుడు బయటికొచ్చి ఇరుసులోకి పాకుతుంది, ఇక కత్తి తెరుచుకోదు. కొన్ని రకాల ప్లాస్టిక్ పిడులకు తగిలితే సన్నగా బీటలు వారతాయి, వెంటనే తుడిచేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం ఈ మందును అంత త్వరగా రెచ్చగొట్టవు. అందుకని పావుగంటలో పట్టేసినట్టనిపించినా ఆ కత్తిని రోజంతా ముట్టను.

మొన్న ఊదా వేసిన స్క్రూ ఒకటి విప్పాను. చిన్నగా టిక్‌మని పట్టు వదిలింది. మరల్లోంచి ఊదారంగు పొడి చిటికెడు కాగితం మీద రాలింది. దాన్ని ఊదేసి, స్క్రూ కడిగి, మళ్ళీ సగం ఆవగింజంత వేశాను.