పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం (పల్లిపాడు)

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో, పెన్నా ఒడ్డున ఉన్న జాతీయోద్యమ స్మారక స్థలం. మహాత్మా గాంధీ 1921 ఏప్రిల్ 7న దీనిని ప్రారంభించి, 1929 మే నెలలో ఖాదీ యాత్రలో మళ్లీ సందర్శించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య స్థాపకులు. పొణకా కనకమ్మ భూమి ఇచ్చారు. ప్రధాన భవనానికి విరాళమిచ్చిన పారసీ రుస్తుంజీ దక్షిణాఫ్రికాలో గాంధీ సహచరుడు. అక్కడ ఒప్పందం ముగిసిన కూలీలపై వేసిన మూడు పౌండ్ల తలపన్ను రద్దుకు సాగిన 1913 సత్యాగ్రహంలో జైలుకెళ్లాడు. నూలు వడకడంతోపాటు అస్పృశ్యతా నివారణ ఆశ్రమ కార్యక్రమాల్లో ముఖ్యం. పెన్నాకు పినాకిని మరో పేరు.